గంజి పెట్టిన నైట్‌డ్రెస్

నూలు గురించి నాకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదని నా నమ్మకం. పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ నా చేతికి లేసు అల్లే కొక్కెం సూది ఇచ్చింది. అప్పటినుంచి దారం పట్టుకుంటే చాలు, అది ఎంత సన్నమో, ఎంత పురి తిరిగిందో, ఉతికితే ఎంత ముడుచుకుంటుందో నా వేళ్ళే చెప్పేస్తాయి. నరసాపురంలో మా వీధిలో ఇప్పటికీ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద ఆడవాళ్ళు లేసు అల్లుతూ కూర్చుంటారు. వాళ్ళలో ఎనిమిది మంది నాకు అల్లి ఇస్తారు. ఆ ముక్కల్ని నేను కలిపి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఊళ్ళోని లేసు వ్యాపారులకు ఇస్తాను. ఇంత తెలిసిన మనిషిని కన్నకూతురికి ఒక నైట్‌డ్రెస్ తొడగబోయి ఎలా బోల్తాపడ్డానో ఇప్పుడు చెబుతాను. చెప్పడానికి నాకేం సిగ్గులేదు. అప్పట్లో ఉండేది.

అప్పుడు మా పాపకు ఐదేళ్ళు. యూకేజీలో చేరిన ఏడాది, వానలు మొదలవగానే దానికి దురద పట్టుకుంది. మెడ, మోచేతి మడతలు, నడుం దగ్గర ఎలాస్టిక్ బిగిసేచోటు. పగలు ఆటల్లో పడి మరిచిపోయేది, పక్క ఎక్కితే మొదలు. నిద్రలోనే గీరుకునేది. పొద్దున్నే దుప్పటి మీద చిన్న చిన్న నెత్తురు మరకలు కనపడేవి. గోళ్ళు ఎంత కత్తిరించినా లాభం లేకపోయింది. చివరికి మా ఆయన పాత నూలు సాక్సులు దాని రెండు చేతులకూ తొడిగి, మణికట్టు దగ్గర వదులుగా రిబ్బను కట్టాను. మొదటి రెండు రోజులు ఏడ్చింది. తర్వాత అలవాటైపోయింది. పడుకునే వేళకు అదే మంచం మీద కూర్చుని, "అమ్మా, సాక్సులు" అంటూ రెండు చేతులూ ముందుకు చాపేది. ఏడ్చినప్పటికంటే అలా చాపినప్పుడే నాకు చూడబుద్ధయ్యేది కాదు.

భీమవరంలో చర్మం డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన పాపను చూసి, పూతమందు రాసిచ్చి, "రాత్రిళ్ళు ఏం వేస్తున్నారమ్మా?" అని అడిగారు. ఫోన్లో ఫోటో చూపించాను. గులాబీ రంగు, కుచ్చుల గౌను, గుండెల మీద మెరుపులతో పిల్లి బొమ్మ. అది పాలిస్టర్ అని నాకు తెలుసు. తెలిసే కొన్నాను. పాప ఆ పిల్లిని చూసి కొట్లోంచి కదలనంది, నేనూ ముచ్చటపడ్డాను.

"ఇలాంటివి ఫోటోలకు బాగుంటాయి. ఒంటికి గాలాడదు" అన్నారు డాక్టరుగారు. "మెత్తటి నూలువి, వదులుగా ఉండేవి వెయ్యండి. ఆర్గానిక్ దొరికితే ఇంకా మంచిది, రంగులూ రసాయనాలూ తక్కువుంటాయి. వేసేముందు రెండు మూడుసార్లు ఉతకండి. కానీ ఏదైనా మెత్తగా ఉండాలి, అది ముఖ్యం. మూడు వారాల తర్వాత చూపించండి. తగ్గకపోతే మందు పెంచుదాం."

మందు పెంచుదాం అన్న మాట నా చెవిలో జోరీగలా తిరిగింది. ఆర్గానిక్ అన్న మాట గట్టిగా పట్టుకున్నాను. మెత్తగా అన్న మాట మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ఆసుపత్రి నుంచి తిన్నగా పిల్లల బట్టల షాపుకు వెళ్ళాం. షాపాయన ఆకుపచ్చ అట్ట వేలాడుతున్న నైట్‌డ్రెస్ ఒకటి తీసి, "ప్యూర్ ఆర్గానిక్ అండి. కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు.

నేను కళ్ళు తెరుచుకునే తీసుకునే రకం. బట్ట తిరగేసి, లోపలి కుట్టు దగ్గర బట్ట అంచులోంచి పోగు ఒకటి లాగాను. "అగ్గిపెట్టె ఉందాండీ?" అని అడిగాను.

"షాపులో అగ్గిపెట్టేంటండీ మేడమ్!" అని ఆయన కంగారుపడ్డాడు.

"షాపులో కాదండి, మెట్ల మీద" అని బయటకు నడిచాను. పక్కనున్న టీ బండి దగ్గర అగ్గిపెట్టె అడిగి, వెనకే వచ్చిన ఆయన కళ్ళెదుటే ఆ పోగు అంటించాను. నూలు పోగైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. ఇది కరిగి, నల్లగా ఆవగింజంత ఉండ కట్టింది. ఆ ఉండ ఆయన అరచేతిలో పెట్టి, "ఈ పత్తి ఏ చేలో పండిందండీ?" అన్నాను.

"కంపెనీవాళ్ళు అలాగని చెప్పారండీ" అని ఆయన నీళ్ళు నమిలాడు. మా పాప మాత్రం టీ బండి దగ్గర నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ వేళ బస్సులో ఇంటికొస్తుంటే నాకు ఒళ్ళంతా గర్వమే.

పోగు కాల్చి చూస్తే నూలో కాదో తెలుస్తుంది గానీ, ఆ పత్తికి పురుగుమందులు కొట్టారో లేదో, అద్దకంలో ఏం కలిపారో తెలియదు. అట్టముక్క మీద ఆకు బొమ్మ వేసినంత మాత్రాన ఆర్గానిక్ అయిపోదు. వారం రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. గుండెల మీద రబ్బరు అచ్చు బొమ్మలున్నవి పక్కన పెట్టాను, ఆ బొమ్మ కింద చెమట పడితే ఆరదు. నడుం చుట్టూ ఎలాస్టిక్ ఒంటికి తగిలేలా కుట్టినవీ, మెడ వెనక గట్టి లేబుల్ ఉన్నవీ వద్దనుకున్నాను. చివరికి తమిళనాడు వైపు చిన్న కంపెనీ ఒకటి దొరికింది. చొక్కా, పైజమా జత. రంగు అద్దని బట్ట, పత్తి సొంత రంగే. లేబుల్ కుట్టకుండా సైజు బట్ట మీదే అచ్చు వేశారు. సర్టిఫికెట్ నంబరు ఇచ్చారు. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్లో ఆ నంబరు కొట్టి చూస్తే కంపెనీ పేరు సరిగ్గా వచ్చింది. అప్పుడు గానీ ఆర్డరు పెట్టలేదు. ఇప్పుడు ఎవరడిగినా ఇలాగే ఎంచుకోమంటాను. ఎంపికలో నేను తప్పు చేయలేదు.

తప్పు పార్సిల్ విప్పాక మొదలైంది.

విప్పగానే మా అత్తగారు ఆ చొక్కా తీసుకుని చెంపకు ఆనించుకున్నారు. "బాగుందే అమ్మాయ్. పాత చీరలా ఉంది" అన్నారు. ఆవిడ మెచ్చుకున్నారు. నేను మాత్రం వెక్కిరింత అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా కళ్ళకూ అది నచ్చలేదు. జావగారిపోయి, కోరా రంగులో, ఆసుపత్రిలో రోగులకిచ్చే బట్టలా ఉంది. పాప అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి పిల్లి లేదేంటమ్మా?" అంది.

"పిల్లి కంటే మంచిది పెడతాను చూడు" అన్నాను.

డాక్టరుగారు చెప్పినట్టే మూడుసార్లు ఉతికాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. మాకు లేసు చేతికొచ్చాక ఒక పద్ధతి ఉంది. అల్లిన లేసు ముడుచుకుపోయి నలిగిన కాగితంలా ఉంటుంది. ఉతికి, గంజిలో ముంచి, పలక మీద సాగదీసి, ఇస్త్రీ పెట్టె వేడిచేసి రుద్దితే గానీ పువ్వు పువ్వులా నిలబడదు. అందుకే అందరిళ్ళలోనూ కుక్కర్లు వచ్చినా మా ఇంట్లో ఇంకా అన్నం వారుస్తారు, గంజి కోసం. మా ఇంట్లో నూలు బట్ట ఏదీ గంజి తాగకుండా దండెం ఎక్కదు. మా ఆయన చొక్కాలు, మా అత్తగారి చీరలు, ఆఖరికి గుమ్మాల కర్టెన్లు కూడా. మూడో ఉతుకు అయ్యాక నా చెయ్యి తనంతట తనే గంజి గిన్నె వైపు వెళ్ళింది. నేను ఆలోచించను కూడా లేదు. నూలు బట్టకు గంజి పెట్టకుండా ఆరేస్తే పని సగంలో వదిలేసినట్టే మాకు.

తర్వాత మెడకూ చేతులకూ లేసు కుట్టాను. గవ్వల అంచు, నేను అందరికంటే బాగా అల్లే రకం. ఐదేసి పోగులు కలిపి ఒక గవ్వ, మధ్యలో చిన్న సందు, మళ్ళీ గవ్వ. పాప స్కూలుకు వెళ్ళిన వేళల్లో కూర్చుని సొంతంగా అల్లాను. దారం నూరుపాళ్ళూ నూలే, ఇంక భయమేంటి అనుకున్నాను. దానికీ గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తొడిగితే, ఆ జావగారిన బట్ట నిటారుగా నిలబడింది. పాప అద్దం ముందు గిర్రున తిరిగింది. "మా అమ్మ కుట్టింది" అని పక్కింటికి వెళ్ళి చూపించి వచ్చింది. నా తల్లి దొరసానిలా ఉందని నేను దిష్టి కూడా తీశాను.

మా అత్తగారు ఆ మెడ అంచు వేళ్ళతో నలిపి చూసి, "పసిదానికి ఇంత బిరుసెందుకమ్మాయ్?" అన్నారు.

"ఇది ఆర్గానిక్ అండి అత్తయ్యగారూ. మీకు తెలీదు" అన్నాను. నేను అలా అన్నాక ఎవరైనా ఏం అంటారు!

నాలుగు రోజులకు పాప మెడ ఎర్రబడింది. వారానికి చర్మం చిట్లింది. చేతులకు సాక్సులున్నా, తలగడకేసి మెడ రుద్దుకునేది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మీద కాదు, కంపెనీ మీద. వెంటనే ఫోన్ చేశాను. అవతల ఒకావిడ ఎత్తింది. తెలుగు కూడబలుక్కుని మాట్లాడుతోంది.

"ఆర్గానిక్ అని నమ్మించి ఏం బట్ట అంటగట్టారండీ మీరు? మా పాప మెడంతా పుండైపోయింది" అని అరిచాను.

"అయ్యో, పాపకి ఎలా ఉందండీ ఇప్పుడు?" అని అడిగింది ముందు. తర్వాత మెల్లగా, "ఉతికినప్పుడు ఏమైనా కలిపినారా మేడమ్? వాసన లిక్విడ్ అలాంటివి?"

"నేను ఏ మందూ కలపలేదండి. మా ఇంట్లో వార్చిన గంజి తప్ప."

"గంజి అంటే... చీరకి పెట్టేది కదా మేడమ్?"

"ఆఁ, అదే."

"చిన్నపాప రాత్రి డ్రెస్‌కి గంజి పెట్టినారా?"

ఆవిడ ఎగతాళి చేయలేదు. ఆశ్చర్యపోయి అడిగిందంతే. కానీ ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా దారంతో బతుకుతున్న నాకు, ఎక్కడో కూర్చున్న ఒక ఆవిడ నూలు గురించి పాఠం చెబుతోందనిపించింది. "నూలు గురించి నాకు చెప్పకండి" అని ఫోన్ పెట్టేశాను. ఆ కోపంలోనే వాళ్ళ పేజీలో రాశాను: పేరుకే ఆర్గానిక్, ఎవరూ కొనకండి అని. రాశాక కడుపు చల్లబడింది. ఆ రాత్రి మళ్ళీ అదే నైట్‌డ్రెస్ తొడిగాను. వేరేది తొడిగితే పాలిస్టరే కదా, ఎంత చెడ్డా ఇది నూలు అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. మా అత్తగారు పాపకు తల అంటడానికి పెరట్లో పీట వేశారు. చొక్కా విప్పి, జుట్టు పైకి ముడేసి, ఒక్క క్షణం ఆగి నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఇలారా. ఇది చూడు."

వెలుతుర్లో పాప మెడ చూశాను. మెడ చుట్టూ ఎర్రటి గీత అనుకున్నది గీత కాదు. గవ్వ, సందు, గవ్వ, సందు. ఒక్కో గవ్వలో ఐదు పోగుల నొక్కులు కూడా వేరువేరుగా తెలుస్తున్నాయి. మెడ వెనక లేసు రెండు చివర్లూ కలిపేచోట కొలత సరిపోక నేనొక గవ్వను మూడు పోగులతోనే ముగించాను. బట్ట మీద అది ఎవరికీ కనిపించదు. నా కూతురి మెడ మీద కనిపించింది. మూడు పోగుల గవ్వ, సరిగ్గా అదే చోట.

కంపెనీ ఆవిడ మీద అరిచిన అరుపులన్నీ ఆ పెరట్లో తిరిగి నా మీదే పడ్డాయి.

"బట్ట మంచిదే. నువ్వు ఎంచింది నిజమే" అన్నారు మా అత్తగారు. "దాన్ని బిరుసు చేసింది గంజి. దీని పురిట్లో నేను చీరలు పంపితే కోపం వచ్చింది కదూ నీకు?"

వచ్చింది. పాప పుట్టినప్పుడు నేను మా అమ్మ దగ్గర ఉన్నాను. పురుడు వెళ్ళేదాకా బిడ్డకు పాత బట్టలే వెయ్యాలని మా వైపు ఆనవాయితీ. మా అత్తగారు తన కట్టు చీరలు చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి మూట కట్టి పంపారు. చూడ్డానికి వచ్చేవాళ్ళ ముందు నా బిడ్డకు పాత గుడ్డలా అని నేను మొహం మాడ్చుకున్నాను. అదంతా దిష్టి తగలకుండా అనుకున్నాను.

"కొత్త బట్టలో గంజి ఉంటుందనే కదమ్మా పసివాళ్ళకు పాతది వేసేది. ఏళ్ళ తరబడి ఉతికిన చీరలో ఇంకేం ఉంటుంది, మెత్తదనం తప్ప" అన్నారావిడ, పాప నెత్తిన నూనె పెడుతూ.

రోజూ గంజి కలిపే దాన్ని. ఆ ఆనవాయితీకీ గంజికీ సంబంధం ఉందన్నది నాకు ఒక్కనాడు తట్టలేదు.

తల ఆరబెట్టాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని చిన్న కత్తెరతో లేసు కుట్లు విప్పడం మొదలుపెట్టాను. అది గాభరాగా నా చెయ్యి పట్టుకుంది.

"పువ్వులు ఎందుకు తీసేస్తున్నావమ్మా? నేను ఏడవలేదు కదా!"

"గుచ్చుకుంటోందని నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు కుట్టావు కదా" అంది.

కత్తెర పక్కన పెట్టేశాను. అంత ముచ్చటపడి కొనిపించుకున్న పిల్లి గౌనునే ఒకనాడు దురద అని విసిరికొట్టిన పిల్ల ఇది. నాది కాబట్టి ఓర్చుకుంది. వారం రోజులు మెడ చిట్లుతున్నా ఓర్చుకుంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చేశాను. అది కంగారుపడి, "పోనీ ఉంచెయ్యమ్మా, నాకేం నొప్పిలేదు" అని నన్నే ఓదార్చింది. ఇంకోసారి నా చేత్తో చేసింది ఏదైనా సరే, బాగాలేకపోతే బాగాలేదని నా మొహం మీదే చెప్పాలని దాని చేత ఒట్టు వేయించుకున్నాను.

లేసంతా తీసేశాను. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి, వేళ్ళకు జిగురు తగలనంతవరకు జాడించాను. పిండకుండా ఆరేశాను, ఇస్త్రీ పెట్టె దగ్గరకు రానివ్వలేదు. సాయంత్రానికి ఆ చొక్కా మళ్ళీ జావగారిపోయింది. మా అత్తగారిలాగే చెంపకు ఆనించుకుని చూశాను. పార్సిల్ వచ్చిన రోజే ఈ పని చేసి ఉంటే సరిపోయేది.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేసి, ఆవిడే ఎత్తేదాకా ఆగి, తప్పు నాదని చెప్పాను. ఆవిడ నవ్వి, "మా అమ్మ కూడా నా యూనిఫాంకి గంజి పెట్టేదండీ, మెడ కోసుకుపోయేది" అంది. పేజీలో రాసింది తీసేసి కొత్తగా రాశాను: బట్ట చాలా మంచిది, దయచేసి గంజి పెట్టకండి అని. చదివినవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. ఈమధ్య ఒక వ్యాపారి పిల్లల రాత్రి బట్టల మెడలకు లేసు కావాలని వస్తే, మెడకు ఇవ్వను, పైన జేబుకు కావాలంటే ఇస్తానన్నాను. కారణం అడిగితే ఇదంతా చెప్పాను. ఒప్పుకున్నాడు.

దురద పూర్తిగా పోయిందని చెప్పను. ముసురు పట్టిన రోజుల్లో మోకాళ్ళ వెనక ఇప్పటికీ కాస్త వస్తుంది. కానీ డాక్టరుగారు మందు పెంచలేదు, తగ్గించారు.

లేసు తీసేసి పది రోజులయ్యాక ఒక రాత్రి పాప ఎప్పటిలాగే మంచం మీద కూర్చుని, "అమ్మా, సాక్సులు" అంటూ రెండు చేతులూ చాపింది. మెడ చూశాను. గవ్వల గుర్తులు మానిపోయి చర్మం మామూలుగా ఉంది. సాక్సులు తలగడ కింద పెట్టేసి, ఆ చేతుల్ని నా చేతుల్లోకి తీసుకున్నాను. అది కాసేపు సాక్సుల కోసం చూసి, అలాగే నిద్రపోయింది. పొద్దున్న దుప్పటి దులిపితే దాని మీద ఒక్క మరక లేదు.